పొగలేని పొయ్యిలో నిప్పు

ఆ ఊళ్ళో అగ్గిపెట్టె దొరకక కాదు. చిల్లర అంగట్లో ఎప్పుడూ ఉండేది. మగవాళ్ళు బీడీకి పుల్ల గీసుకునేవారు, సాయంత్రం దీపానికి గీసేవారు. పొద్దున పొయ్యి రాజేయడానికి మాత్రం ఎవరూ పుల్ల గీసేవారు కాదు. పొయ్యికి పక్కింటి నిప్పే కావాలి. వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గేశాక ఒక్కో ఇంట్లోంచి ఒక్కో ఆడమనిషి కుండపెంకు పట్టుకొని బయల్దేరేది. పెంకులో కాస్త బూడిద, బూడిద మీద పిడక ముక్క. ఎవరి మిద్దె మీద ముందు పొగ లేస్తే ఆ గడప దగ్గరికి పోయి "నిప్పుండాదా?" అని అడగాలి. పిడక మీద రెండు నిప్పులు వేయించుకొని, ఆరిపోకుండా ఊదుకుంటూ వెనక్కి రావాలి. ఆ వచ్చేలోపల ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కోడలు అలిగి అన్నం మానేసిందో, ఎవరి బావిలో నీళ్ళు అడుగంటాయో అన్నీ తెలిసిపోయేవి.

నేను నా గది గడప మీద కూర్చొని ఆ రాకపోకలు చూసేదాన్ని. పళ్ళు తోముకుంటున్నట్టు నటిస్తూ చూసేదాన్ని. అంతసేపు పళ్ళు తోమే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో బస్సు దిగి, చెనిక్కాయ, అదే వేరుశనగ, చేల గట్ల మీద చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు అది. రెండో పంచవర్ష ప్రణాళిక కాలం. నేను ఆ ఊరికి గ్రామసేవికను. సర్కారు తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు కొత్త పద్ధతులు నేర్పే ఉద్యోగం. బొట్టు లేని నుదురుతో, భుజాన సంచితో, ఒంటరిగా వచ్చిన పాతికేళ్ళు నిండని మనిషిని వాళ్ళు ఎలా చూశారో చెప్పనక్కర లేదు. చెడ్డగా చూడలేదు. అసలు చూడలేదు, అంతే. ఎదురుపడితే "సేవికమ్మ" అని పక్కకు తప్పుకునేవారు.

వచ్చిన కొత్తలోనే ఒకటి జరిగింది. నా గదిలో నేను కట్టుకున్న పొయ్యికి మట్టి గొట్టం ఉండేది. దాని పొగ మిద్దె మీదికి నిటారుగా, అందరికంటే పైకి లేచేది. ఎదురింటి కోడలు కాపురానికి వచ్చి ఇంకా నెల కాలేదు. పాపం, మడకశిర దగ్గరి పిల్ల, ఈ వీధి సంగతులు తెలియవు. ఆ పొగ చూసి పెంకు పట్టుకొని తిన్నగా నా గడప దగ్గరికి వచ్చేసింది. నేను గబగబా లోపలికి పోయి పట్టకారు తీసుకున్నాను. తిరిగి చూసేసరికి మూలింటి అవ్వ తన అరుగు మీద నిలబడి పిలుస్తోంది.

"ఆడ గాదే, ఈడికి రా."

మూలింటి అవ్వ ఆ వీధికి పెద్ద ముత్తైదువ. నిండా పసుపు, రూపాయంత కుంకుమ. ఆమె పొయ్యి ఎప్పుడూ ఆరేది కాదు. ఆమె ఇంటి నిప్పు తీసుకుపోతే ఆ రోజు మంచి జరుగుతుందని పేరు. కోడలి ఒక కాలు నా మెట్టు మీద ఉంది. నన్ను చూసింది, నా నుదురు చూసింది, నా చేతిలో పట్టకారు చూసింది. కాలు వెనక్కి తీసుకొని అటు పోయింది. అవ్వ ఆ మాట కోపంగా అనలేదు. బాట తప్పిన దూడను అదిలించినట్టు మామూలుగా అంది. అందుకే నాకు ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది. మొగుడు పోయినదాని పొయ్యిలో నిప్పు తీసుకోరు. నాకు తెలియనిది కాదు. తెలిసీ పట్టకారు పట్టుకున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో మగ్గం, పొయ్యి, పడక అన్నీ ఒకే చోట. పట్టుకు పొగ తగలకూడదని అమ్మ వంట వెనక సందులో, తడికల మధ్య చేసేది. పొగంతా ఆమె మొహానికే. దగ్గి దగ్గి నా చిన్నప్పుడే పోయింది. నాకు పెళ్ళి చేశారు. పెళ్ళైన రెండో ఏడు ఆయన జ్వరంతో పోయాడు. అత్తింటివాళ్ళు నా ట్రంకుపెట్టె బండిలో వేసి నన్ను ధర్మవరంలో దింపిపోయారు. నేను మగ్గం పక్కన చేరి పట్టుదారం ఆసు పోసుకుంటూ బతుకుదామనుకున్నాను. నాయన ఒప్పుకోలేదు.

"ఈ మగ్గం గుంతలో నేను కూచున్నా, చాలు. నువ్వు గూడా కూచుంటే నీ బతుకు ఈడే తెల్లారిపోతాది. సర్కారోళ్ళు ఆడోళ్ళను తీసుకుంటాండారంట. పో," అన్నాడు. నా మొహం చూడకుండా, మగ్గం మీద పలక వేస్తూ అన్నాడు.

అలా ట్రైనింగుకు పోయాను. సబ్బు చేయడం, బాలింతకు ఏం పెట్టాలి, మరుగుదొడ్డి గుంత ఎంత లోతు తవ్వాలి, అన్నీ నేర్పారు. అన్నిటికంటే నాకు నచ్చింది పొగలేని పొయ్యి. బంకమట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి నానబెట్టి కట్టేది. ముందు ఒక నోరు, పైన గిన్నెలకు రెండు కన్నాలు, వెనక గొట్టం. గొట్టం మొదట్లో గాలిని ఆపే రేకు ఒకటి. మంట ఉన్నప్పుడు ఆ రేకు మూయకూడదని మరీ మరీ చెప్పారు. మొదటిసారి నా చేతులతో కట్టిన పొయ్యి ముందు కూర్చొని మంట వేస్తే కళ్ళు మండలేదు. అయినా నీళ్ళొచ్చాయి. అమ్మ గుర్తొచ్చింది. దేశమంతా ఈ పొయ్యి కట్టేస్తానన్నంత ఆవేశం వచ్చింది నాకు.

ఆవేశం నాకే కాదు, సర్కారుకూ ఉండేది. ఎక్కడో పైన ఒక లక్ష్యం పెట్టుకునేవారు. అది జిల్లాకు ఒక అంకెగా దిగి, మా బ్లాకుకు ఇంకో అంకెగా దిగి, నా దగ్గరికి వచ్చేసరికి నెలకు ఇన్ని పొయ్యిలు అయ్యేది. ఇన్ని ఎరువు గుంతలు, ఇన్ని పొయ్యిలు, ఇన్ని భజన మండళ్ళు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఒక అంకె లేకపోతే మనిషి కదలడని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే ఆ అంకెకు వంటిల్లు ఎక్కడుంటుందో తెలియదు.

వంటింట్లోకి నన్ను ఎవరూ రానిచ్చేవారు కాదు. పైగా గొట్టం కోసం మిద్దెకు కన్నం పెట్టాలి. "వానొస్తే మిద్దె కారదా సేవికమ్మా?" అనేవారు. వద్దని మొహం మీద మాత్రం చెప్పరు, మర్యాద ఎక్కువ. "కట్టు, కట్టు. ఆడ కట్టు," అని గొడ్ల కొట్టం చూపించేవారు. పెరట్లో గోడ వార చూపించేవారు. నేను అక్కడే కట్టేదాన్ని. మోకాళ్ళ దాకా మట్టి, మధ్యాహ్నం ఎండ, పక్కన ఎనుము నమిలే చప్పుడు. కట్టడం అయ్యాక ఇంటావిడ దూరం నుంచి చూసి "బాగుండాది" అనేది. దానికి పసుపు కుంకుమ పెట్టేది. మళ్ళీ దాని మొహం చూసేది కాదు.

ఒకసారి బ్లాకు నుంచి పెద్ద ఆఫీసరు జీపులో తనిఖీకి వచ్చాడు. నేను చీర మడత నలగకుండా ముందు నడుస్తూ పొయ్యిలు చూపిస్తున్నాను. ఒక కొట్టంలో ఆయన వంగి పొయ్యి నోట్లోకి చూశాడు. లోపల కోడి గుడ్లు పొదుగుతూ కూర్చొని ఉంది. అది ఆయన కళ్ళలోకి చూసి రెక్కలు విదిల్చింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ఇంటావిడను అడిగాడు.

"ఏమ్మా, దీంట్లో వంట చెయ్యరా?"

"వంట లోపల చేస్తాం సామీ. ఇది గవర్మెంటు పొయ్యి."

నేను భూమిలోకి కుంగిపోయాను. ఆఫీసరుకు కోపం రాలేదు. "ఉందిగా, చాలు," అని జీపెక్కాడు. పొయ్యి ఉందా లేదా అన్నదే ఆయన చూడవలసింది. అందులో ఏముందో ఆయన లెక్కలోకి రాదు. ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చొని నవ్వాను. నవ్వు చెప్పుకోవడానికి మనిషి లేకపోతే అది ఎంతోసేపు రాదు. తర్వాత సంగటి కెలుక్కొని తిన్నాను.

మరుసటి ఏడు కొత్త లక్ష్యం వచ్చింది. మల్బరీ. ధర్మవరం మగ్గాలకు పట్టుదారం ఎక్కడో మైసూరు నుంచి రావాలా, మన సీమలోనే మల్బరీ ఆకుతో పట్టుపురుగులు పెంచితే రైతుకు రాబడి, నేతగాడికి దారం దగ్గర అని. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికీ అర్థం కాదు. ఈ ఊరి ఆకు తిని పురుగు గూడు కడితే, ఆ గూడు దారమై మా నాయన మగ్గం మీదికి పోతుంది. నేను తప్ప ఆ ఊరికీ మా ఇంటికీ సంబంధం లేదు. ఇప్పుడు ఇంకొకటి ఉంటుందన్నమాట.

బావి కింద భూమి ఉన్నవాళ్ళు చెనిక్కాయ తీసేసి మల్బరీ వేశారు. ఎదురింటివాళ్ళూ వేశారు. మల్బరీ పని చూసే ఉద్యోగి వేరే శాఖ మనిషి. అందరూ ఆయన్ను పురుగులాయన అనేవారు. బడి వసారాలో మీటింగు పెట్టి, అన్నీ వివరంగా చెప్పి, పట్టుపురుగు గుడ్లు అంటి ఉన్న కాగితాలు తెప్పించాడు. ఆయన సెలవులో ఉన్న రోజున వాటిని బస్టాండు నుంచి తెచ్చి ఇళ్ళకు పంచే పని నామీద పడింది. తడిగుడ్డ చుట్టి, ఎండ తగలకుండా, చంటిపిల్లను మోసుకొచ్చినట్టు తెచ్చాను.

పురుగులు పుట్టాయి. చీమల్లా ఉన్నవి చూస్తుండగానే వేలెడంత అయ్యాయి. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో ఒక్కోసారిగా మెత్తబడి, ఆకు ముట్టకుండా, నల్లబడి చచ్చిపోయాయి. తట్టలకు తట్టలు పెరట్లో పారబోశారు. కాకులు కూడా ముట్టలేదు. ఎదురింటి కోడలు వాకిట్లో చతికిలబడి ఏడ్చింది. ఆమె మొగుడు అందరికీ వినపడేట్టు అన్నాడు. "ఇంగొక్కసారి చూస్తా. అదీ పోయిందంటే తోట పీకి చెనిక్కాయ పెడతా."

గుడ్లు ఎవరి చేతి మీదుగా వచ్చాయో ఊరికి తెలుసు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. "సేవికమ్మ" అని తప్పుకునేవారు కదా, ఇప్పుడు ఆ మాట కూడా లేకుండా తప్పుకున్నారు. నీళ్ళకు బావి దగ్గరికి పోతే నా వంతు రాకముందే అందరూ బావి వదిలి పోయేవారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నా చెయ్యి అంత విషమైతే నేను కట్టిన పొయ్యిలో ఆ కోడి పిల్లల్నెలా లేపిందని అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. వారం తిరిగేసరికి నా గొంతు నాకే కొత్తగా వినపడసాగింది.

జీతం రోజున పెనుకొండ బస్టాండులో పురుగులాయన కనపడ్డాడు. కొండ నీడలో నిలబడి బీడీ తాగుతున్నాడు. పురుగులు ఎందుకు చచ్చాయని అడిగాను.

"పొగమ్మా, ఇంకేముండాది. ఒంటి గది ఇండ్లు. పొయ్యి పక్కనే తట్టలు పెట్టినారు. పొగ తగిలితే పురుగు బతకదు. మీటింగులో గొంతు చించుకొని చెప్పినా గదా."

"మీటింగుకు ఎవరొచ్చినారు సార్?"

"మొగోళ్ళందరూ వచ్చినారు."

"పురుగులకు ఆకేసేదెవరు? పొయ్యి రాజేసేదెవరు?"

ఆయన బీడీ ఆర్పి నన్ను చూశాడు. చెడ్డవాడు కాదు. ఆయన లక్ష్యం ఎన్ని ఎకరాలు నాటారు, ఎన్ని కాగితాలు పంచారు అన్నది. అది నెరవేరింది. నా లక్ష్యం ఎన్ని పొయ్యిలు అన్నది. అదీ నెరవేరింది. పొగలేని పొయ్యిలు గొడ్ల కొట్టంలో ఉన్నాయి, పురుగులు పొగలో ఉన్నాయి. ఇద్దరం ఒకే బస్సులో వచ్చిపోతూ కూడా ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి మాట్లాడుకోలేదు. నిజానికి బస్సు దొరికే లోపల నేను ఆయనతో మాట్లాడిన ఆ నాలుగు మాటలే ఆ నెలలో నేను మనిషితో మాట్లాడిన మాటలు.

ఊరికి రాగానే ఎదురింటికి పోయాను. కోడలు గడప లోపల, నేను బయట.

"నీ పురుగుల్ని చంపింది పొగ. నా చెయ్యి గాదు," అన్నాను. ఆ రెండో మాట అనకూడదనుకున్నాను, వచ్చేసింది. "ఈసారి పురుగులు పుట్టినాక తట్టలు నా గదిలో పెట్టు. నా పొయ్యికి పొగ రాదు. వచ్చి చూస్కో."

ఆమె వెనక్కి తిరిగి లోపలికి చూసింది. వాళ్ళత్త లోపలి నుంచి దగ్గింది. మర్నాడు మగవాళ్ళు తోటకు పోయాక ఆమె ఒక్కతే వచ్చి నా గదిలో నిలబడింది. గోడలు చూసింది. మిద్దె దూలాలు చూసింది. వేలితో దూలం తుడిచి వేలు చూసుకుంది. మసి లేదు.

"దుడ్ల కోసం కాదక్కా, పురుగుల్ని చూస్కొనేది నేను. ఆయన తోట పీకేస్తే ఇంగ నాకు ఈ ఇంట్లో మాట ఉండదు," అంది. నన్ను అక్కా అని పిలిచిన మొదటి మనిషి.

అలా పురుగులు నా గదికి వచ్చాయి. గోడ వార వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చాం. రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆమె ఆకుల గంపతో వచ్చేది. ఆకు వేసి, పెంట తీసి, నాలుగు మాటలు చెప్పి పోయేది. సగం తెలుగు, సగం కన్నడం. నా ఇంట్లో మంచినీళ్ళు తాగేది కాదు. నేనూ ఇవ్వబోయేదాన్ని కాదు. ఆమె పోయాక పురుగులు ఆకు తినే చప్పుడు వినపడేది. పక్కింట్లో ఎవరో మెల్లగా చేటతో చెరుగుతున్నట్టు ఉండేది. ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టేది. నవ్వండి, పురుగులతో మాట్లాడేదాన్ని కూడా. "తినండి తల్లీ, నా పరువు మీ చేతుల్లో ఉండాది," అనేదాన్ని. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన సుఖం ఇంకొకటి లేదు.

పురుగులు పండుబారాయి. గూళ్ళు కట్టడానికి వాటిని చంద్రికల మీదికి, అంటే సుడులుగా పట్టీలు బిగించిన పెద్ద వెదురు చాపల మీదికి, మార్చాం. రెండు రోజుల్లో గదంతా పసుపుపచ్చ గూళ్ళు. ఎదురింటాయన వాటిని గోతాల్లో నింపుకొని హిందూపురం సంతకు పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు భార్యకు గాజులు తెచ్చాడు. ఆ గాజులు చూశాక ఊరికి ఇంకో ఉపన్యాసం అక్కర లేకపోయింది.

"సేవికమ్మా, మా ఇంట్లో పొయ్యి కట్టు. కొట్టంలో గాదు, లోపల."

ఎన్ని గడపలు దాటానో. వంటింట్లోకి పిలిచి, పీట వేసి, మట్టి తొక్కి ఇచ్చి, మిద్దెకు కన్నం వాళ్ళే కొట్టి కట్టించుకున్నారు. వాళ్ళకు కావలసింది నా పొయ్యి కాదు, పురుగుకు పొగ తగలకపోవడం. ఆడదాని ఊపిరితిత్తుల గురించి ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టలేదు, పురుగు ఊపిరి ఒక్క పంటకే పట్టింది. పైవాళ్ళు ఏ లక్ష్యం పెట్టారో అది ఆ దారిన నెరవేరలేదు, వేరే దారిన వచ్చి నెరవేరింది. ఆఫీసరు మళ్ళీ వచ్చి శభాష్ అన్నాడు. ఆడవాళ్ళ దగ్గు తగ్గిందని నాకు తెలుసు. అమ్మ ఉంటే బాగుండుననిపించింది.

ధర్మవరం పోయి నాయనకు చెప్పాను. "నాయనా, ఈ దారంలో మా ఊరి గూడు ఉండచ్చు." ఆయన ఆసు మీది పట్టును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "గూళ్ళు హిందూపురం దాటి ఏ ఊరికి పోయి దారం తీస్తారో, ఎన్నెన్ని చేతులు మారి ఈడికొస్తాదో. పట్టుకు ఊరి పేరు రాసుంటాదామ్మా?" అన్నాడు. నా మొహం చిన్నబోవడం చూసి, "ఉండచ్చులే," అన్నాడు. ఆ సంబంధం కూడా అంతంతేనని తెలిసింది. మర్నాటి బస్సుకే వచ్చేశాను.

ఈ సందడిలో ఊళ్ళో ఒకటి పోయింది. నాకు వెంటనే తెలియలేదు. ఒక పొద్దున ఎప్పటిలా గడప మీద కూర్చుంటే వీధిలో ఎవరూ లేరు. ముగ్గులున్నాయి, మిద్దెల మీద సన్నటి పొగలున్నాయి, పెంకు పట్టుకొని నడిచే మనిషి లేదు. కొత్త పొయ్యి గొట్టం గాలిని లాగేస్తుంది. కట్టె భగ్గున మండి బూడిదవుతుంది, నిప్పు మిగలదు. పైగా ఇప్పుడు వంటచెరుకు మల్బరీ పుల్లలు. ఆకు దూసిన పుల్లకు నిప్పెక్కడ నిలుస్తుంది? పురుగులున్నన్నాళ్ళూ ఇంటి నిప్పు బయటికి ఇవ్వకూడదని, బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదని కొత్త మడి ఒకటి పెట్టుకున్నారు. ఏడాది పొడుగునా ఎవరింట్లోనో ఒకరింట్లో పురుగులే. చిల్లర అంగట్లో అగ్గిపెట్టెలు కట్టలు కట్టలు అమ్ముడయ్యాయి. నేను ఏ వరసలో నిలబడాలని అంతకాలం కాచుకున్నానో, నన్ను రానిచ్చే నాటికి ఆ వరసే లేదు. ఎవరి పొయ్యి వాళ్ళు పుల్ల గీసి వెలిగించుకుంటున్నారు. నాలాగే.

అదే ఏడు మూలింటి అవ్వకు మొగుడు పోయాడు. పసుపు కుంకుమ తుడిచేసి మూల కూర్చోబెట్టారు. నెలలకు నెలలు ఆమె బయటికి రాలేదు. ఆమె ఇంట్లో పురుగుల్లేవు, కొత్త పొయ్యీ లేదు. మూల గడిచి అరుగు మీదికి వచ్చిన పొద్దున నేను చూశాను. పొయ్యి రాజేసి, పొగ లేపి, ఇంతకు ముందులాగే అరుగు మీద నిలబడి వీధి వైపు చూస్తోంది. ఎవరూ రాలేదు. మర్నాడూ నిలబడింది. ఆ తర్వాత కూర్చోవడం మొదలుపెట్టింది. నేను ఇటు గడప మీద, ఆమె అటు అరుగు మీద. ఇద్దరం ఖాళీ వీధిని చూసేవాళ్ళం. ఒకరినొకరం చూసుకునేవాళ్ళం కాదు.

వాన పట్టిన ఒక పొద్దున ఆమె మిద్దె మీద పొగ లేదు. ఆరని పొయ్యి ఆరిపోయింది. అవ్వ నెత్తిన గోనెపట్ట కప్పుకొని, పెంకు కొంగు కింద దాచుకొని వీధిలోకి దిగింది. ఒక ఇంటి ముందు నిలబడింది, ఏదో అడిగింది, కదిలింది. ఇంకో ఇంటి ముందు నిలబడింది, కదిలింది. ఎదురింటి ముందు కూడా నిలబడింది. చివరికి నా మెట్టు దగ్గరికి వచ్చింది. మెట్టెక్కలేదు.

"నిప్పుండాదేమ్మా?"

ఆ మాట కోసం ఎన్నేళ్ళు పళ్ళు తోముకున్నానో. తీరా వినపడేసరికి నా పొయ్యిలో చల్లటి బూడిద తప్ప ఏమీ లేదు. చేతికి అగ్గిపెట్టె తగిలితే అదే అందించబోయాను.

"వద్దు. అందరూ అదే ఇస్తాండారు. పురుగులుండాయి, నిప్పీకూడదు, అగ్గిపెట్టె తీస్కపో అవ్వా అంటారు. అగ్గిపెట్టెతో నేనేం మాట్లాడల్లమ్మా?" గోనెపట్ట మీంచి నీళ్ళు కారుతున్నాయి. "అయినా మొగుడు పోయినదాన్ని. పొద్దున్నే నా మొగం చూసేకి ఎవురొస్తారులే."

అది కాదవ్వా, నా పొయ్యి వల్ల, అందామనుకున్నాను. కానీ అది కాదని నాకు మాత్రం ఏం తెలుసు? ఆమె బొట్టు పోయినందుకు రాలేదో, నేను కట్టిన పొయ్యిల వల్ల రాలేదో, ఆ వీధిలో ఎవరినడిగినా చెప్పలేరు. రెండూ ఒకే ఏడు వచ్చాయి.

"లోపలికి రాండవ్వా. నిప్పు చేస్తా," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మెట్టు వైపు చూసింది. ఎక్కి వచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. నేను తుమ్మ కట్టెలు పెట్టి పుల్ల గీశాను. మంట గొట్టంలోకి హోరుమని ఎగిరింది. కట్టె కాలుతోంది కానీ నిప్పు నిలవడం లేదు, పడ్డది పడ్డట్టే తెల్లగా బూడిదవుతోంది. అవ్వ పెంకు పట్టుకొని చూస్తోంది. "ఇదంతా యాడికి పోతాందే?" అంది.

నేను చెయ్యి చాచి గొట్టం రేకు మూసేశాను.

పొయ్యి ఒక్కసారి ఉక్కిరిబిక్కిరైంది. ముందు నోట్లోంచి, పైకన్నాల్లోంచి పొగ గదిలోకి తిరగబడింది. ఇన్నేళ్ళు మసి తగలనివ్వని నా దూలాల్లోకి ఎక్కింది. ఇద్దరికీ కళ్ళ నీళ్ళు, దగ్గు. అవ్వ దగ్గుతూనే నవ్వింది. "ఇప్పుడు పొయ్యి మాదిరుండాది," అంది. మంట అణిగి, కట్టెలు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. అవి నిప్పయ్యేదాకా వేరే పని లేదు. ఆమె మొగుడు పోయిన రోజు ఏం తిన్నాడో చెప్పింది. నేను నా మొగుడి సంగతి చెప్పాను. ఆ ఊరు వచ్చినప్పటి నుంచి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

పట్టకారుతో నిప్పులు తీసి ఆమె పిడక మీద వేశాను. అన్నీ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నీ ఎత్తొద్దు. ఇచ్చినోళ్ళ పొయ్యిలో ఉండల్ల."

మెట్టు దిగి, కొంగు అడ్డం పెట్టి ఊదుకుంటూ వానలో నడిచింది. తన అరుగెక్కి నా వైపు తిరిగింది. వీధంతా వినపడేట్టు పిలిచింది.

"రేపు నువ్వు ఈడికి రా."

మర్నాడు నేను పొయ్యి రాజేయలేదు. పగిలిన కుండలో మంచి పెంకు ఒకటి ఏరుకొని, బూడిద వేసుకొని, పిడక పెట్టుకొని బయల్దేరాను. బదిలీ అయ్యేదాకా ఒక రోజు నేను, ఒక రోజు ఆమె. ఆ ఊళ్ళో పొద్దున్నే నిప్పు కోసం వీధిలో నడిచేది ఇక మేమిద్దరమే.